ఆ పువ్వు ఏ గోడది

పోయిన వారం చీమను లాండ్రీ వెనక గోడ దగ్గర వదిలేశాం. చేతిలో పదహారు గాజు గొట్టాలు, ఒక్కో గొట్టంలో ఒక్కో తెల్ల పువ్వు తేనె. వాటిని ల్యాబ్‌కు తీసుకెళ్ళి, సూక్ష్మజీవులు పెరిగే మేత పోసిన గాజు పళ్ళేల మీద పూసి, మూడు రోజులు వెచ్చగా ఉంచింది. ఈ మంగళవారం ఉదయం మూతలు తీసింది.

మొదటిసారి చదువుతున్నవారికి రెండు ముక్కలు. చీమ అసలు పేరు ల్యాబ్‌లో ఎవరూ వాడరు. పువ్వుల్లో, పండ్లలో, పురుగుల పొట్టల్లో బతికే ఈస్టులను వెతకడం ఆమె ఉద్యోగం. తీపి ఎక్కడుంటే అక్కడ తేలుతుంది కాబట్టి ఆ పేరు. రొట్టె పిండిని పొంగించేది ఈస్టుల్లో ఒక్క రకమే. మిగిలిన చుట్టాలు లెక్కలేనంతమంది, వాళ్ళలో చాలామందికి ఇంకా పేర్లే లేవు. మూడు నెలల కిందట మామగారు ఒక తెల్ల పువ్వును కాగితంలో చుట్టి తెచ్చి, లాండ్రీ గోడ మీద పూసింది, చూడు అమ్మాయ్ అని ఇచ్చారు. దాని తేనెలో అంతవరకూ ఎవరి కంటా పడని ఈస్టు ఒకటి దొరికింది. పత్రికకు రాసి పంపితే, ఒకే పువ్వులో ఒకేసారి దొరికినదాన్ని కొత్త జాతి అని ఒప్పుకోలేం, ఆరు వారాల్లో మళ్ళీ పట్టి చూపించండి అని జవాబు వచ్చింది. ల్యాబ్ పెద్దావిడ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఒకసారి కనబడితే వార్త, రెండోసారి కనబడితేనే జాతి అంది. ఇది ఐదో వారం.

పదహారు పళ్ళేల్లోనూ అవే గులాబీరంగు చుక్కలు. ఏ ఆకు మీద చూసినా ఉండేవి, అందరికీ తెలిసినవి. చీమ వాటిని పక్కన పేర్చి, ఫ్రిజ్‌లోంచి తన పాత పళ్ళెం తీసి మూత కొద్దిగా ఎత్తింది. వెన్నరంగు చుక్కలు, అంచులు కాస్త మడతపడి, నిద్రలో ఉన్న పసిపిల్లల చెవుల్లా. వాసన మాత్రం మరోలా ఉంటుంది. బాగా మగ్గిన పండు తొక్కను వానకు తడిసిన ఉన్నిలో చుట్టి పెట్టినట్టు. దాన్ని పీల్చినప్పుడల్లా ఆమెకు ఒక అరనిమిషం పాటు గది గోడలు పలచబడేవి. ఎప్పుడూ చూడని పెరడు ఒకటి, మధ్యాహ్నం ఎండలో, ఎవరూ లేకుండా, కళ్ళ ముందు తెరుచుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

మొదటి రోజు ఆ తేనె చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు కనబడింది ఇప్పటికీ ఆమె మరిచిపోలేదు. పొడుగాటి కణం, దాని తలవైపు ఒక మొగ్గ, అటూ ఇటూ రెండు మొగ్గలు. రెక్కలు చాచి నీటి మీద నిలబడ్డ తూనీగ. ఒకటి కాదు, ఆ చుక్క నిండా అవే. అప్పటినుంచీ దాన్ని అందరూ తూనీగ అనే పిలుస్తున్నారు.

చేసేది తోచక ఆ ఉదయం చీమ మామగారు పువ్వు చుట్టి తెచ్చిన కాగితం తీసింది. పువ్వు అందులోనే ఎండి గోధుమరంగు తిరిగింది. ఇన్ని వారాల్లో దాన్ని ఆమె ఎందుకు తెరవలేదంటే, తెరవాల్సిన అవసరం కనబడలేదు. తెచ్చింది నలభై ఏళ్ళు తోటపని చేసిన మనిషి. ఏ పువ్వు ఏ గోడదో ఆయన చెప్పాక ఇంక అడిగేదేముంది?

కేసరాల మీద మిగిలిన పుప్పొడిని సూదితో గీకి చూసింది. రేణువులు నున్నగా, గుండ్రంగా, గాజు పూసల్లా ఉన్నాయి. నిన్న లాండ్రీ గోడ మీద కోసిన పువ్వు తెచ్చి దాని పుప్పొడి పక్కన పెట్టింది. దానికి ఒళ్ళంతా ముళ్ళు.

చీమ కంటిని మైక్రోస్కోపు నుంచి తీసి మళ్ళీ పెట్టింది. ముళ్ళు పోలేదు. రెండు పువ్వులూ తెల్లగానే ఉంటాయి, రెండూ గరాటాలాగే ఉంటాయి. కానీ రెండూ ఒకటి కావు. ఎండిన పువ్వు గొంతులో, మడతలో, నువ్వుగింజలో సగం ఉన్న నల్లటి పురుగు ఒకటి కాళ్ళు ముడుచుకుని ఉంది. లాండ్రీ గోడ మీద ఐదు వారాల్లో అలాంటి పురుగును ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

పెద్దావిడకు చెప్పి బయల్దేరింది. పార్కులో మొక్కలు పెంచే అద్దాల ఇల్లు పది నిమిషాల నడక.

మామగారు ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా రోజూ అక్కడికే వెళతారు. కొత్తగా చేరిన తోటమాలులకు ఆయన్ని పొమ్మనే ధైర్యం లేదు, ఆయనకు పోవాలనే ఆలోచన లేదు. లోపల ఆవిరి అద్దాల మీద పేరుకుని, అప్పుడొక చుక్క ఇప్పుడొక చుక్క ఆకుల మీద పడుతోంది. పచ్చని వెలుగులో మనుషులు నీటి అడుగున కదులుతున్నట్టు ఉన్నారు. ఆయన బల్ల దగ్గర కుండీలు మారుస్తూ, ఒక మొక్కతో ఏరా, ఇరుకైందా అని మాట్లాడుతున్నారు. మంగళవారం కదా, చొక్కా ఇస్త్రీది. ప్రతి మంగళవారం ఆయన భోజనం కాగానే పాత స్నేహితుల దగ్గరికి వెళతానని చెప్పి, ఎండ తగ్గాక ఇంటికి వస్తారు.

చీమ కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. ఇది లాండ్రీ గోడ పువ్వు కాదని, పుప్పొడి వేరని, మెల్లగా చెప్పింది. ఆయన ముందు పొరపాటేమో అన్నారు. తర్వాత వయసు మీద పడిందన్నారు. ఆ తర్వాత కాసేపు నీళ్ళు నమిలారు.

"మామయ్యగారూ, చీకట్లో వాసన చూసి మొక్క పేరు చెప్పే మనిషి మీరు. మీకు తేడా తెలియలేదంటే నేను నమ్మను. ఆ పువ్వు ఎక్కడిది?"

ఆయన చేతుల మట్టి దులుపుకున్నారు. మళ్ళీ ఆ మట్టిలోనే చేతులు పెట్టారు. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆ ముఖం.

"మీ వదిన ఇంటిది," అన్నారు.

చీమకు వదిన ఉందని, భర్తకు అక్క అని తెలుసు. అంతకు మించి తెలిసింది తక్కువ. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా ఆ ఇంట్లో ఆవిడ పేరెత్తగా వినలేదు. ఆల్బంలో ఒక ఫోటో ఉంది, నర్సు దుస్తుల్లో నవ్వుతున్న పిల్ల. భర్తను అడిగితే, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే చక్రం ముందు కూర్చుని, ఆ సంగతి వద్దు అని ఒక్క మాట అన్నాడు. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట.

మిగిలింది మామగారు ఆ ఆవిరిలో నిలబడి చెప్పారు. పదకొండేళ్ళ కిందట అత్తగారు ఆసుపత్రిలో ఉంది. ఇక మందులు పనిచేయవని ఆవిడకు తెలిసింది. నన్ను ఇంటికి తీసుకుపో, నా కిటికీ దగ్గర పడుకోబెట్టు అని కూతుర్ని అడిగింది. కొడుకు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు, రెండు రోజుల్లో వస్తాడు. వాడు వచ్చేదాకా ఆగుదామంటే ఆవిడ ఒప్పుకోలేదు. కూతురు సంతకం పెట్టి తీసుకొచ్చింది. మర్నాడు ఉదయమే ఆవిడ పోయింది. కొడుకు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆసుపత్రిలోనే ఉంచితే బతికేదని, లేదా కనీసం తను చూసేదాకా ఉండేదని, నువ్వే అమ్మను చంపావని గుమ్మంలో నిలబడి అక్కను అన్నాడు. కూతురు అదే రోజు వెళ్ళిపోయింది. ఊరి చివర వేరే ఇల్లు చూసుకుంది.

"అప్పుడు మీరేమన్నారు?" అని అడిగింది చీమ.

"ఏమీ అనలేదమ్మా. అదే కదా," అన్నారు ఆయన. "ఇంటికి తీసుకుపొమ్మని మీ అత్తయ్య అడిగినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. నేనే సరేనన్నాను. ఆ మాట వాడికి చెప్పలేదు."

ఆరేళ్ళుగా ఆయన మంగళవారాలు కూతురింటికి వెళుతున్నారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు తిరిగొస్తూ గోడ మీద పువ్వొకటి కోశారు. కోడలికి పువ్వులంటే పని కదా అని. ఎక్కడిదంటే ఏం చెప్పాలో తెలియక, దారిలో కనబడిన లాండ్రీ గోడ పేరు చెప్పారు. ఇంత దూరం వస్తుందని ఆయన అనుకోలేదు.

చీమకు కోపం రావాల్సింది. ఐదు వారాలు ఎండలో ఆ గోడ పట్టుకుని వేలాడింది. కానీ ఆయన వేళ్ళు ఆ చిన్న మొక్క చుట్టూ మట్టిని ఎంత నెమ్మదిగా నొక్కుతున్నాయో చూస్తూ ఉంటే కోపం నిలవలేదు.

"ఇవాళ నన్నూ తీసుకెళ్ళండి," అంది.

బస్సు చివరి స్టాపు దాకా వెళ్ళారు. దారిలో ఆయన ఒకే ఒక్కసారి మాట్లాడారు. పత్రికకు పంపే కాగితంలో చోటు పేరు రాయాలా అని అడిగారు. రాయాలి అంది చీమ. ఏ రోజు, ఏ చోట, ఏ మొక్క మీద, ఎవరు సేకరించారు, అన్నీ రాయాలి. అది లేకపోతే జాతికి ఊరూ పేరూ లేనట్టే. అచ్చయిన రోజు తన భర్త దాన్ని కళ్ళద్దాలు సర్దుకుని మొదటినుంచి చివరిదాకా చదువుతాడు. ఆమె రాసినవి అన్నీ అలాగే చదువుతాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. పక్క గేటులోంచి లోపలికి అడుగు పెట్టగానే చీమ ఆగిపోయింది. మగ్గిన పండు, తడిసిన ఉన్ని. గోడ పొడుగునా తీగ పాకి ఉంది. మధ్యాహ్నం మూడు కావస్తోంది, మొగ్గలు ఒక్కొక్కటే మెలి విప్పుకుంటున్నాయి. అంత నెమ్మదిగా విప్పుకుంటున్నాయి కాబట్టి చూస్తున్నంతసేపూ ఏమీ కదలనట్టే ఉంది, చూపు తిప్పి మళ్ళీ చూస్తే ఇంకో పువ్వు తెరుచుకుని ఉంది. ఎండ ఆ తెలుపులో పడి పాలలా పలచబడింది. ఎక్కడా చప్పుడు లేదు. తను ఇక్కడికి చాలాసార్లు వచ్చినట్టు, ఇప్పుడే నిద్రలోంచి ఇక్కడ లేచినట్టు ఆమెకు అనిపించింది.

వదిన వంటింటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఫోటోలో పిల్ల కంటే చాలా సన్నబడింది. తండ్రి వెనక ఇంకో మనిషిని చూసి లేవలేదు. ఎవరో ఆయన చెప్పక ముందే పోల్చుకుంది.

"నువ్వేనా మా మరదలివి," అంది. "నాన్న చెప్పినంత పొడుగు లేవే."

నవ్వు రావాల్సిన మాటే కానీ ఎవరూ నవ్వలేదు. మామగారు లోపలికి వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఆడవాళ్ళిద్దరూ పెరట్లో మిగిలారు. చీమ వచ్చిన పని చెప్పింది. తూనీగ గురించి, పత్రిక గురించి, మిగిలిన ఒక్క వారం గురించి. వదిన అంతా విని, పువ్వులు ఎన్ని కావాలంటే అన్ని కోసుకో, చోటు మాత్రం లాండ్రీ గోడే అని రాసుకో అంది.

"ఎవరికి నష్టం? పువ్వులో పురుగు ఏ గోడ మీదైతేనేం?"

"రేపు ఎవరో ఒకరు నా కాగితం పట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళతారు వదినా. నేను తిరిగినట్టే తిరుగుతారు. తూనీగ అక్కడ లేదు. లేని చోట ఉందని రాయలేను."

"రాస్తే వాడు చదువుతాడు. చదివిన మర్నాటి నుంచి నాన్న మంగళవారాలు ఉండవు." వదిన గొంతు పెంచలేదు. "నాన్నతో నాకు మిగిలింది వారానికి ఒక మధ్యాహ్నం. దాన్ని నీ పురుగు కోసం ఇచ్చేయమంటావా?"

చీమ పువ్వులు కోయకుండా, గొట్టాలున్న సంచీ కింద పెట్టి తీగ పక్కన కూర్చుంది. ఒక పువ్వు గొంతులోకి తొంగి చూసి, ఈ నల్లటి పురుగులు ఎప్పటినుంచీ ఉన్నాయని అడిగింది.

వదిన ముఖంలో మొదటిసారి బిగువు సడలింది. వాటిని తను నిద్రమొహాలు అంటుందట. పువ్వు విప్పుకోగానే అవి లోపలికి పాకి, తేనెలో మూతిపెట్టి, సాయంత్రానికి అక్కడే పడి నిద్రపోతాయి. తెల్లారేసరికి పువ్వు రాలుతుంది. అప్పుడు బద్ధకంగా లేచి, రోజంతా ఆకుల కింద దాక్కుని, మధ్యాహ్నం కొత్త పువ్వులోకి మారతాయి. వర్షం పడే ముందు రోజు మాత్రం పాత పువ్వును వదలవు. నాలుగేళ్ళుగా చూస్తోందట. చూడటానికి ఇంకేముంది ఈ పెరట్లో, అంది.

చీమ నోట్‌బుక్ తీసి అదంతా రాసుకుంది. ఏ గంటకు వెళతాయి, ఏ గంటకు లేస్తాయి, అడిగి అడిగి రాసుకుంది. ల్యాబ్‌లో ఎవరికీ తెలియని సంగతులవి. తూనీగకు నిజంగా రెక్కల్లేవు, కాళ్ళు లేవు, అది బతికే పువ్వు ఒక్క రోజు ఉంటుంది. ఈ పురుగు మోసుకెళ్ళకపోతే రాలిన పువ్వుతో దాని వంశం అక్కడే ఆగిపోతుంది. ఆ మాట ఆమె వదినకు చెప్పింది. ఇదంతా కాగితంలో ఉండాలని, చూసినవాళ్ళ పేరుతో ఉండాలని కూడా చెప్పింది.

వదిన ఒక పువ్వును తుంచి, ఊది, అరచేతిలోకి ఒక పురుగును దులిపింది. అది దొర్లి, మళ్ళీ నిద్రపోయింది.

"నా పేరు ఎక్కడైనా కనబడి పదకొండేళ్ళయింది," అంది. తర్వాత, "రాసుకో. కానీ వాడికి కాగితం చెప్పకూడదు. నువ్వు చెప్పు. ఇవాళ వద్దు, ఇంకోరోజెప్పుడైనా."

చీమ అప్పుడు గొట్టాలు తీసింది. ఇరవై పువ్వుల తేనె పట్టింది, ఆరు పురుగులను విడిగా పెట్టింది. ఆగలేక, సంచీలోని చిన్న చేతి మైక్రోస్కోపు తీసి, ఒక చుక్కను గాజుపలక మీద పరిచి ఎండకు ఎత్తి చూసింది. చూసి, వదిన చేతికి ఇచ్చింది. వదిన ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఎగురుతున్నాయే," అంది మెల్లగా.

చుక్క నిండా తూనీగలు. మామగారిని పిలిచి చూపించారు. ఆయన చూసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూశారు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఆ చిన్న గొట్టంలోకి చూస్తూ ఉంటే ఎండ గోడ దిగి గడ్డి మీదికి వచ్చింది. పెన్ను తీసి చీమ నోట్‌బుక్‌లో రోజు రాసింది, మొక్క రాసింది. చోటు అన్న దగ్గర ఆ వీధి పేరు, ఇంటి నంబరు రాసింది.

ఆ తర్వాత మామగారు అన్న మాట ఇద్దరూ ఊహించనిది. ఇంకో రోజు వద్దు, ఇప్పుడే వాడికి చెప్పెయ్యి అమ్మాయ్ అన్నారు. అంత మాట అన్న మనిషి కిటికీ దగ్గర కుర్చీలోకి వెళ్ళి, పరీక్ష ఫలితం కోసం కూర్చున్న పిల్లాడిలా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. వదిన వద్దంది. గట్టిగానే వద్దంది. రేపు చెప్పొచ్చు, ఎల్లుండి చెప్పొచ్చు, ఇప్పుడు మాత్రం వద్దంది. అది పాత భయం అనుకుని చీమ ఫోను తీసుకుని తీగ చివరిదాకా నడిచింది.

దుకాణంలో భర్త ఫోను ఎత్తాడు. వెనక చక్రం తిరుగుతున్న చప్పుడు. చీమ ముందుగా అనుకున్న మాటలన్నీ మరిచిపోయింది.

"నేను మీ అక్క ఇంట్లో ఉన్నాను," అంది. "మామయ్యగారు కూడా ఉన్నారు."

చక్రం ఆగింది. అరుస్తాడనుకుంది. ఫోను పెట్టేస్తాడనుకుంది. మాట వచ్చినప్పుడు అది కోపం గొంతు కాదు, అలిసిపోయిన గొంతు.

"అక్కని ఎండలో ఎక్కువసేపు కూర్చోనివ్వకు," అన్నాడు. "నిన్న మందు ఎక్కించారు. మర్నాడంతా తనకి కళ్ళు తిరుగుతాయి. నేను గురువారం వచ్చేదాకా కాస్త ఏదైనా తినేలా చూడు."

చీమ వెనక్కి చూసింది. వదిన మెట్లెక్కి లోపలికి వెళుతోంది.

"అమ్మకి వచ్చిందే తనకీ వచ్చింది," అన్నాడు భర్త. "ఆసుపత్రిలో తనని తెలిసినాయన ఒకరు చూసి చెబితే వెళ్ళాను. నాలుగు నెలలైంది. నాన్నకి తెలీదు. తెలియనివ్వనని నా చేత ఒట్టు వేయించుకుంది."

ఫోను చేతిలో పెట్టుకుని ఆమె వెనక్కి నడిచింది. పువ్వులన్నీ ఇప్పుడు పూర్తిగా విచ్చుకున్నాయి. మామగారు కుర్చీలోంచి లేచి, కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

"ఏమన్నాడమ్మా?" అని అడిగారు. "చెప్పు, ఫరవాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆయన భుజం వెనక, గది నీడలో, వదిన ఆమె కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది.